ట్రక్కులోంచి చూస్తే కనపడనిది: నైరుతి జార్జియాలో 410 ఎకరాల క్వైల్ కేస్

2019 అక్టోబర్ చివర్లో, ఇంకా చీకటి ఉండగానే, ఆ ల్యాండ్ మధ్యలో ఉన్న చిన్న మిట్ట మీద నిలబడి చెవులు రిక్కించి విన్నా. సూర్యోదయానికి అరగంట ముందు బాబ్‌వైట్ క్వైల్ గుంపులు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, "కొయ్‌లీ, కొయ్‌లీ" అని, ఆ పిలుపు కాసేపే, అది మిస్సయితే మళ్ళీ మర్నాడు పొద్దున దాకా ఆగాల్సిందే. మబ్బు పట్టినా గాలి ఉన్నా చాలా గుంపులు నోరు విప్పవు. ఒక మనిషి ఒక చోట నిలబడితే సుమారు 500 మీటర్ల దాకా వినపడుతుంది, అంటే దాదాపు 195 ఎకరాలు, అందుకే 410 ఎకరాలకి రెండు పాయింట్లు పెట్టుకున్నాం, ఒకచోట నేను, ఇంకోచోట ఓనర్ పెద్దాయన. నాలుగు పొద్దుటిపూటలు అలా విని లెక్క కలిపితే మొత్తం ల్యాండ్ మీద రెండే గుంపులు.

క్వైల్ అంటే మన పూరేడు పిట్ట లాంటిదే, కానీ ఈ బాబ్‌వైట్ అమెరికా పిట్ట, వేరే కుటుంబం. గుప్పిట్లో పట్టేంత, 170 గ్రాములు అటూ ఇటూ. పది, పన్నెండు కలిసి గుంపుగా తిరుగుతాయి, ఇక్కడ కవీ అంటారు దాన్ని. రాత్రి నేల మీదే గుండ్రంగా కూర్చుంటాయి, తోకలు లోపలికి తలలు బయటికి, చలికి ఒకదానికొకటి వెచ్చగా ఉంటుంది, ఏదైనా వస్తే అన్నీ తలో దిక్కుకీ లేచిపోవచ్చు. 1960ల నుంచి ఇప్పటిదాకా అమెరికాలో ఈ పిట్టలు 80 శాతం పైనే తగ్గిపోయాయి. ఓనర్‌కి ఇది టీవీలో విన్న వార్త కాదు, చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో కుక్కల్ని తీసుకుని ఇదే నేల మీద వేటకి తిరిగిన మనిషి, ఇప్పుడు అదే పొలంలో నిలబడితే ఏమీ వినపడట్లేదు. నన్ను పిలిచింది కూడా ఒక్క ప్రశ్నతోనే: ఫామ్‌లో పెంచిన క్వైల్ ఒక వెయ్యి కొని వదిలితే సరిపోతుందా?

క్వైల్ కోసం ల్యాండ్ ప్లాన్లు రాసే ఈ పని చేస్తూ నాకు చాలా ఏళ్ళయింది, ప్రతి ఓనరూ మొదట ఇదే అడుగుతారు. పిట్టలు లేవు కాబట్టి పిట్టలు తెచ్చి వదిలితే అయిపోతుందని అనిపించడం సహజమే. కానీ ఇంక్యుబేటర్‌లో పుట్టి వలల కింద పెరిగిన పిట్టకి డేగ నీడ పడితే ఏం చెయ్యాలో నేర్పిన తల్లి ఉండదు, వదిలిన కొన్ని వారాల్లోనే చాలా వరకు చచ్చిపోతాయి, పైగా అంత తేలిగ్గా దొరికే తిండి ఉంటే చుట్టుపక్కల డేగలన్నీ అక్కడికే చేరి ఉన్న అడవి పిట్టలకి కూడా ఎసరు పెడతాయి. పొద్దున వదిలి మధ్యాహ్నం వేటాడుకోవడానికైతే ఆ పిట్టలు పనికొస్తాయి, అది వేరే వ్యాపారం. అసలు అక్కడ పిట్టలెందుకు బతకట్లేదో తెలియకుండా ఇంకో వెయ్యి తెచ్చి పోస్తే ఆ వెయ్యి కూడా అదే దారిన పోతాయని ఓనర్‌కి చెప్పా. ఆయనకి నచ్చలేదు, కానీ ఒక ఏడాది ఆగుతానన్నారు.

లెక్క ఒకసారి చెప్తా, ఎందుకంటే తర్వాత చేసిన ప్రతి పనీ దీని మీదే నడిచింది. ఈ శరదృతువులో వంద బాబ్‌వైట్లు ఉంటే వచ్చే శరదృతువుకి అందులో 20 మిగులుతాయి, వేట ఉన్నా లేకపోయినా సుమారుగా అంతే, డేగలు, నక్కలు, చలి, వానలు అన్నీ కలిపి. అంటే ప్రతి ఎండాకాలం పుట్టే పిల్లలే మొత్తం జనాభా. ఒక్కో గూట్లో 12 నుంచి 14 గుడ్లు, పొదిగేది 23 రోజులు, ఆడదే కాదు మగది కూడా కొన్ని గూళ్ళని పొదుగుతుంది. గూడు నేల మీదే కాబట్టి మూడింట్లో రెండు పోతాయనుకోండి, రకూన్లు, పాజమ్‌లు, స్కంక్‌లు, ర్యాట్ స్నేక్‌లు తినేస్తాయి, గుడ్డు పగిలే టైమ్‌లో ఫైర్ యాంట్స్ చీమలు కూడా ఎక్కేస్తాయి. ఒక గూడు పోతే మళ్ళీ పెడుతుంది, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా రెండుసార్లు, మూడుసార్లు ట్రై చేస్తుంది. కాబట్టి ఏటా 80 శాతం పోయినా గుంపు నిలబడుతుంది, కాకపోతే గూడు పెట్టుకోవడానికి చోటు ఉండాలి, పుట్టిన పిల్లలు మొదటి రెండు వారాలు దాటాలి.

ల్యాండ్ గురించి. 250 ఎకరాలు లాబ్‌లాలీ పైన్ తోట, 95 ఎకరాలు ఒకప్పుడు పశువులు మేసిన పాత పొలం, వాగు పక్కన 40 ఎకరాలు ఓక్, స్వీట్‌గమ్ లాంటి ఆకు చెట్లు, మిగతాది ఇల్లూ రోడ్లూ. చుట్టూ వేరుశనగ, పత్తి. థామస్‌విల్, టాలహాసీ మధ్య రెడ్ హిల్స్ అని క్వైల్‌కి పేరున్న ప్రాంతం ఉంది, వేల ఎకరాల ఎస్టేట్లు, కానీ ఇది దానికి ఉత్తరంగా ఉన్న మామూలు ఫ్యామిలీ ల్యాండ్. 2018 అక్టోబర్ 10న మైకేల్ హరికేన్ ఫ్లోరిడా తీరంలో కేటగిరీ 5గా నేలని తాకి నైరుతి జార్జియాలోకి వచ్చేసరికి కూడా కేటగిరీ 3 బలంతోనే ఉంది, ఇక్కడ అది పైన్ తోటలో దాదాపు 60 ఎకరాలు పడగొట్టేసింది. పడిన కలప తీసేశాక ఆ ఖాళీలో మళ్ళీ దట్టంగా లాబ్‌లాలీ నాటాలా వద్దా అని ఆలోచిస్తున్న టైమ్‌లోనే ఓనర్‌కి క్వైల్ గుర్తొచ్చింది. పెద్ద నష్టమే జరిగింది ఆయనకి, ఆ రోజుల్లో దాని గురించి మాట్లాడాలంటే కళ్ళు దించేసుకునేవారు. కానీ ఆ 60 ఎకరాల్లో మొదటిసారి ఎండ నేలకి తగిలింది.

మొదటి ప్లాన్ మొత్తం పైన్ తోట మీదే రాశా. నిలిచిన 190 ఎకరాల్లో చెట్లు బాగా చిక్కగా ఉన్నాయి, బేసల్ ఏరియా ఎకరానికి 110 చదరపు అడుగులు. బేసల్ ఏరియా అంటే ఎకరంలో ఉన్న చెట్లన్నిట్నీ ఛాతీ ఎత్తులో అడ్డంగా కోస్తే ఆ కోసిన ముఖాల వైశాల్యం మొత్తం ఎంతో అది. క్వైల్‌కి 40 నుంచి 60 లోపు ఉండాలి, లేకపోతే కింద గడ్డీ మొక్కలూ మొలవవు, ఎండు సూదుల పరుపు తప్ప ఏమీ ఉండదు. 50కి తగ్గేలా కొన్ని చెట్లు కొట్టించి పలచన చేయించాం, తుఫాను పడగొట్టిన 60 ఎకరాల్లో లాంగ్‌లీఫ్ పైన్ పలచగా నాటించాం. లాంగ్‌లీఫ్ ఒకప్పుడు ఆగ్నేయ అమెరికాలో సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉండేది, ఒక దశలో 30 లక్షలకి పడిపోయింది, నిప్పుతో కలిసి పెరిగిన చెట్టు అది, చిన్న మొక్కగా గడ్డి దుబ్బులా ఉన్నప్పుడు కూడా మంట దాటేసి బతుకుతుంది. ఫెడరల్ వ్యవసాయ శాఖలో ఎన్‌ఆర్‌సీఎస్ అనే విభాగం ఉంది, వాళ్ళ ఈక్విప్ ప్రోగ్రామ్ కింద బర్నింగ్‌కి, నాటడానికి ఖర్చులో కొంత వచ్చింది, అది లేకపోతే ఓనర్ ఇంత పనికి దిగేవారు కాదు.

నిప్పు సంగతి కొంచెం చెప్పాలి. 1924లో హెర్బర్ట్ స్టాడర్డ్ అనే ఆయన రెడ్ హిల్స్‌లో క్వైల్ మీద ఫీల్డ్ స్టడీ మొదలుపెట్టాడు, 1931లో పుస్తకంగా వేశాడు, అడవికి నిప్పు పెట్టడమే మహాపాపం అనుకునే రోజుల్లో ఈ నేలకి నిప్పు కావాలని ధైర్యంగా రాశాడు. 1958లో టాలహాసీ దగ్గర మొదలైన టాల్ టింబర్స్ రీసెర్చ్ స్టేషన్ కూడా ఆయన పని నుంచి పుట్టిందే. నేను నేర్చుకున్నదంతా ఈ వరుసలోంచి వచ్చిందే కాబట్టి ఆ గౌరవం నాకు చాలా ఉంది. రెండేళ్ళు కాల్చకుండా వదిలేస్తే ఇక్కడ స్వీట్‌గమ్ మొలకలు నడుము దాకా వచ్చేస్తాయి, మూడో ఏడు తలెత్తు, ఇంక ఆ తర్వాత మంట వాటిని ఏమీ చెయ్యలేదు, యంత్రాలు దించాల్సిందే.

2020 మార్చిలో తోటలో సగం కాల్చాం. వాన పడిన రెండు రోజుల తర్వాత, కోల్డ్ ఫ్రంట్ దాటి గాలి ఒకే దిక్కు నుంచి నిలకడగా వస్తున్న రోజు చూసుకుని, పొద్దున్నే స్టేట్ ఫారెస్ట్రీ వాళ్ళ దగ్గర పర్మిట్ తీసుకుని, ముందు గాలికి ఎదురుగా మంట పెట్టి నల్లటి పట్టీ చేసుకుని, తర్వాత లోపల్నుంచి డ్రిప్ టార్చ్‌తో, అంటే మండే నూనె చుక్కలు కార్చే డబ్బాతో, గీతలు గీతలుగా. బాగా జరిగింది. ఆ అక్టోబర్ లెక్కలో మూడు గుంపులు. ఓనర్ సంతోషించారు, నేనూ.

ఇక్కడే నేను తప్పు చేశా. 2021 మార్చిలో వాతావరణం వరసగా బాగా కుదిరింది, మనుషులు దొరికారు, సామాను ఉంది, రెండు రోజుల్లో తోట దాదాపు మొత్తం కాల్చేశా. నల్లగా ఒకే రకంగా కాలిన నేల చూసి పని బాగా జరిగిందని అనుకున్నా. బాబ్‌వైట్ గూడు పెట్టేది నిరుటి గడ్డి దుబ్బులో, బ్రూమ్‌సెడ్జ్ లాంటిది, బాస్కెట్‌బాల్ అంత దుబ్బు కావాలి దానికి, ఎండిన పాత ఆకుల్ని వంచి పైకప్పు వేసుకుంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి 250 ఎకరాల్లో అలాంటి దుబ్బు ఒక్కటి లేకుండా చేసింది నేనే. మిగిలిన దుబ్బులన్నీ పాత పొలంలో ఉన్నాయి, కాబట్టి పిట్టలన్నీ గూళ్ళకి అటు పోయాయి. అప్పటికి నాకది పెద్ద సమస్యగా కనపడలేదు, పొలం చక్కగానే ఉంది కదా అనుకున్నా. ట్రక్కులోంచి చూస్తే నిజంగానే బాగుండేది, మోకాళ్ళెత్తు బంగారు రంగు బ్రూమ్‌సెడ్జ్, గాలికి ఊగుతూ, ఎవరికి చూపించినా క్వైల్ నేల అంటే ఇదే అనేవాళ్ళు. ఆ పొలాన్ని ప్లాన్‌లో "బాగుంది, కదపొద్దు" అని రాసి పక్కన పెట్టింది కూడా నేనే.

ఆ జులైలో పిల్లల్ని చూద్దామని వారానికి రెండుసార్లు పొద్దున్నే వెళ్ళేవాణ్ణి, మెల్లగా బండి నడుపుతూ, ఆగుతూ. మూడు సార్లు పిల్లలున్న తల్లులు కనపడ్డాయి, మూడు సార్లూ పొలం లోపల కాదు, పొలం చుట్టూ ఉన్న ఫైర్‌బ్రేక్ మీదే. ఫైర్‌బ్రేక్ అంటే మంట దాటకుండా చలికాలంలో డిస్క్ వేసి, అంటే ట్రాక్టర్ పళ్ళేలతో దున్ని, వదిలిన 20 అడుగుల పట్టీ. మూడోసారి చూశాక బండి దిగి ఆ పట్టీలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నా. రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క తొడదాకా పెరిగి ఉంది, పైన ఆకులు గొడుగులా కలిసిపోయి కింద అంతా ఖాళీ, మొక్కకీ మొక్కకీ మధ్య ఒట్టి మట్టి. ఆకుల కింద పురుగులు, మిడతలు, సాలీళ్ళు, తడుముతుంటే చేతి మీద ఎక్కేస్తున్నాయి. తర్వాత పది అడుగులు పక్కకి, పొలంలోకి వెళ్ళి అలాగే కూర్చుని చెయ్యి కిందికి పెట్టా. మట్టి తగల్లేదు. బ్రూమ్‌సెడ్జ్ దుబ్బుల మధ్య అంతా బాహియా గడ్డి, బెర్ముడా గడ్డి చాపలా అల్లుకుని ఉంది, వేళ్ళు దూర్చి విడదీస్తే గానీ నేల రాలేదు.

బెర్ముడా అంటే మన గరికే. 1943లో ఇదే రాష్ట్రంలో టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే బ్రీడర్ కోస్టల్ బెర్ముడా అనే రకం విడుదల చేశాడు, పశువులకి అద్భుతమైన మేత, దక్షిణాది అంతా వేశారు. బాహియా దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. రెండూ పశువులకి మంచివే, తప్పేం లేదు, కానీ పుట్టినరోజు క్వైల్ పిల్ల ఆరేడు గ్రాములు ఉంటుంది, బొటనవేలి చివర అంత, అది ఈ చాప మీద నడవలేదు. మొదటి రెండు వారాలు దాని తిండి దాదాపు అంతా పురుగులే, గింజలు కాదు, అంత వేగంగా పెరగాలంటే ఆ ప్రొటీన్ కావాలి. తల్లి తిండి తెచ్చి నోట్లో పెట్టదు, పిల్ల తనే నడిచి పట్టుకోవాలి. పొద్దున మంచు పడిన గడ్డి చాపలో ఆ పిల్ల తడిసి, చలికి వణికి, పురుగు దొరక్క, పావుగంటలో సత్తువ అయిపోతుంది. గూళ్ళు పొలంలో బాగానే విచ్చుకుంటున్నాయి, కానీ పొలం దాటి ఆ 20 అడుగుల పట్టీకి చేరిన తల్లులకే పిల్లలు మిగులుతున్నాయి, మిగతావాటి పిల్లలు దారిలోనే పోతున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, రెండేళ్ళు ఆ పొలం పక్కనుంచి వందసార్లు బండిలో వెళ్ళా.

అప్పట్నుంచి ఒక టెస్ట్ పెట్టుకున్నా, ప్రతి ల్యాండ్‌లో చేస్తా. టెన్నిస్ బాల్ ఒకటి మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిలోకి దొర్లించడం. ఆ పొలంలో రెండడుగులు కూడా పోలేదు. ఫైర్‌బ్రేక్‌లో రాగ్‌వీడ్ మొదళ్ళ మధ్య దొర్లుకుంటూ పోయి ఎక్కడో ఆగింది, వెతుక్కోవాల్సి వచ్చింది. నేల మీద మూడో వంతు నుంచి సగం దాకా ఒట్టి మట్టి కనపడాలి, పైన మాత్రం కప్పు ఉండాలి, డేగకి పిల్ల కనపడకూడదు. ఈ రెండూ ఒకేసారి ఇచ్చేవి వెడల్పాకు కలుపు మొక్కలు, రైతులు వద్దనుకునేవే.

ఓనర్‌తో మాట్లాడటం కష్టమైంది. ఆ బాహియా వాళ్ళ నాన్న చేత్తో విత్తిన పచ్చిక. దాన్ని చంపాలని చెప్తున్నా. ఆయన్ని కూడా పొలంలోకి తీసుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, మీరే చెయ్యి పెట్టి చూడండి సార్ అన్నా. డెబ్భై దాటిన మనిషి, కూర్చుని, చెయ్యి పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచాక, నాన్న ఆవుల కోసం వేశాడు, ఇప్పుడు ఆవులు లేవు కదా అన్నారు. అంతే, ఒప్పుకున్నారు.

పని ఎలా చేశామంటే, 2021 ఆగస్టులో పొలాన్ని పొట్టిగా కోసేశాం, పాత గడ్డి అడ్డం లేకుండా కొత్త చిగురు వచ్చేలా, ఎందుకంటే మందు పచ్చటి చిగురు మీద పడితేనే వేరు దాకా దిగుతుంది. సెప్టెంబర్‌లో ఇమాజాపైర్ అనే కలుపు మందు కొట్టించాం. గరికకి గ్లైఫోసేట్ అనే ఇంకో మందు కూడా పనిచేస్తుంది కానీ ఒక్కసారితో అవ్వదు, ఇమాజాపైర్‌లో నాకు నచ్చేదేంటంటే అది చిక్కుడు జాతి మొక్కల్నీ బ్లాక్‌బెర్రీ పొదల్నీ పెద్దగా ముట్టుకోదు, క్వైల్‌కి రెండూ కావాలి. కానీ ఒక జాగ్రత్త గట్టిగా చెప్తా, ఇది మట్టిలో చాలాకాలం ఉండి వేర్ల ద్వారా కూడా ఎక్కుతుంది, ఓక్ చెట్ల వేర్లు కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి, పొలం మూలన ఉన్న పెద్ద లైవ్ ఓక్ చుట్టూ బాగా వెడల్పుగా వదిలేశాం, అక్కడ గడ్డి అలాగే ఉంది, ఉండనీ. ఫిబ్రవరిలో చచ్చిన చాపని కాల్చి, మూడో వంతు పొలంలో పట్టీలు పట్టీలుగా డిస్క్ వేశాం. 2022 ఎండాకాలంలో గరిక మళ్ళీ అక్కడక్కడా తల ఎత్తింది, వీపు మీద స్ప్రేయర్‌తో మచ్చలు మచ్చలుగా రెండోసారి కొట్టాం. ఈ రెండోసారి పని చాలామంది వదిలేస్తారు, వదిలేస్తే మూడేళ్ళలో చాప మళ్ళీ అల్లుకుంటుంది.

విత్తనం ఏమీ వెయ్యలేదు. ఓనర్ అడిగారు, క్వైల్ మిక్స్ అని సంచులమ్ముతారు కదా అని. మట్టిలో ఎన్నేళ్ళనుంచో పడుకుని ఉన్న విత్తనాలు చాలు, డిస్క్ వేసే నెల కరెక్ట్‌గా ఉంటే. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దున్నితే రాగ్‌వీడ్, పార్ట్రిడ్జ్ పీ, బెగ్గర్‌లైస్ లాంటి వెడల్పాకు మొక్కలు వస్తాయి, ఎండలు ముదిరాక దున్నితే గడ్డి జాతులు ఎక్కువొస్తాయి. ఒక నెల తేడాలో పూర్తిగా వేరే పొలం వస్తుంది. పార్ట్రిడ్జ్ పీ గింజలు గట్టివి, చలికాలం చివరిదాకా కుళ్ళకుండా నేల మీద ఉంటాయి, ఫిబ్రవరిలో వేరే ఏమీ లేనప్పుడు అవే కడుపు నింపుతాయి. ఏటా మూడో వంతు తిప్పుకుంటూ వెళ్తున్నాం, అంటే ఏ సమయంలో చూసినా పొలంలో కొంత ఈ ఏడు దున్నింది, కొంత నిరుటిది, కొంత రెండేళ్ళ పాతది, పిల్లలకి ఒకటి, గూళ్ళకి ఒకటి పక్కపక్కనే.

నిప్పు పద్ధతి కూడా మార్చేశా. 250 ఎకరాల తోటని 14 బ్లాకులు చేశాం, చాలావరకు 15, 20 ఎకరాలవి, ఏటా సగం మాత్రమే, పక్కపక్క బ్లాకులు రెండూ ఒకే ఏడు కాలకుండా మ్యాప్ మీద రంగులేసుకుని. ఇది ఎక్కువ పని, ఎక్కువ ఫైర్‌బ్రేక్, ఎక్కువ రోజులు, కానీ కాలిన బ్లాకులో పుట్టిన పురుగులూ, కాలని బ్లాకులో నిరుటి దుబ్బులూ పిల్ల నడవగలిగే దూరంలో ఉంటాయి. పిట్టకి కావాల్సినవన్నీ ల్యాండ్‌లో ఎక్కడో ఒకచోట ఉంటే సరిపోదు. ఫ్రెడ్ గథరీ అనే శాస్త్రవేత్త 1997లో యూజబుల్ స్పేస్ అని ఒక మాట ముందుకు తెచ్చాడు, మొత్తం మీద పిట్ట ఏడాది పొడుగునా వాడుకోగలిగిన నేల ఎంత అన్నదే లెక్క, తిండి ఇంకొంచెం, నీళ్ళు ఇంకొంచెం అని జోడించుకుంటూ పోవడం కాదు అని. ఈ ల్యాండ్‌లో నా రెండేళ్ళ తప్పుకి ఆ ఒక్క మాట సరిపోతుంది: 410 ఎకరాల కాగితం మీద ఎండాకాలం పిల్లలకి పనికొచ్చింది ఆ ఫైర్‌బ్రేక్ పట్టీలు మాత్రమే.

పొదల సంగతి చిన్నదే కానీ వదలకూడదు. చలికాలం డేగ వస్తే దూరడానికి చికాసా ప్లమ్, బ్లాక్‌బెర్రీ తుప్పలు కావాలి, ఒక తుప్ప దగ్గర నిలబడి బంతి గట్టిగా విసిరితే ఇంకో తుప్ప దగ్గర పడేంత దూరంలో. పొలం మధ్యలో ఆరు చోట్ల ప్లమ్ నాటాం, వాటి చుట్టూ డిస్క్ వేసి మంట నుంచి కాపాడుతున్నాం. వాగు పక్క ఆకు చెట్ల అంచున ఒంటరిగా పొడుగ్గా నిలబడ్డ కొన్ని స్వీట్‌గమ్‌లు తీసేశాం, కూపర్స్ హాక్ అనే డేగకి కూర్చుని చూసే కొమ్మ లేకుండా.

రకూన్లని ట్రాప్ చెయ్యమని వేటాడే ఓనర్ ఫ్రెండ్స్ అందరూ చెప్పారు. అది తప్పని నేను అనను, పెద్ద ఎస్టేట్లలో పద్ధతి ప్రకారం చేస్తే గూళ్ళ సక్సెస్ పెరుగుతుంది. కానీ 410 ఎకరాల్లో ఒకటి పడితే పక్క ల్యాండ్ నుంచి ఇంకోటి వస్తుంది, ఏడాదంతా ఒక మనిషి దాని మీదే ఉండాలి, ఆ డబ్బుతో నేను రెండు బ్లాకులు కాల్చగలను. తిండి వెయ్యడం గురించి కూడా అంతే, జొన్న చల్లే ఎస్టేట్లు ఉన్నాయి, ఇక్కడ ఆ అవసరం ఇంకా రాలేదు.

లెక్కలు: 2019లో రెండు గుంపులు, 2020లో మూడు, 2021లో మూడు, 2022లో ఐదు, 2023లో ఏడు, 2024లో తొమ్మిది. పాయింట్లు అవే, విన్న మనుషులం మేమిద్దరమే, ప్రతి ఏడూ నాలుగు పొద్దుటిపూటలు, మబ్బు రోజులు లెక్కలోకి తీసుకోలేదు. అయినా ప్రతి గుంపూ ప్రతి పొద్దునా పిలవదు కాబట్టి ఇవి కనీసం అంకెలు. వానలు బాగా పడిన ఎండాకాలాలు కూడా మాకు కలిసొచ్చాయి, అంతా మా పనే అనను. కానీ 2022 జులైలో పిల్లలున్న తల్లులు పొలం మధ్యలో కనపడ్డాయి, ఫైర్‌బ్రేక్ మీద కాదు, అది మాత్రం వాన ఇచ్చింది కాదు.

వేరేవి కూడా వచ్చాయి. వైల్డ్ టర్కీలు పిల్లల్ని వేసుకుని అదే రాగ్‌వీడ్‌లోకి వస్తున్నాయి, వాటి పిల్లలకి కూడా మొదటి వారాల్లో పురుగులే ఆధారం. దున్నిన పట్టీల మీద మోర్నింగ్ డవ్‌లు దిగుతాయి. పైన్ తోటలో 2023 వసంతంలో బాక్మన్స్ స్పారో పాట విన్నా, చిన్న గోధుమరంగు పిట్ట, నేల మీదే బతుకుతుంది, రెండు మూడేళ్ళకోసారి కాలని అడవిలో ఉండదు. ఆ పొద్దున అక్కడే నిలబడిపోయి చాలాసేపు విన్నా. గోఫర్ టార్టాయిస్ అనే తాబేలు బొరియలు ఇసుక మిట్ట మీద కొత్తవి రెండు, జార్జియా రాష్ట్ర సరీసృపం అది, డిస్క్ ట్రాక్టర్ వాటి చుట్టూ తిరిగి వెళ్ళేలా జెండాలు పాతాం.

ఇక వేట. ఓనర్ ఇన్నేళ్ళూ ఒక్క పిట్టని కూడా కొట్టలేదు, 2024 లెక్క తర్వాత ఈసారి మనవడితో వెళ్ళొచ్చా అని అడిగారు. తొమ్మిది గుంపులు, గుంపుకి పన్నెండు అనుకుంటే 108 పిట్టలు. శరదృతువు జనాభాలో 15 శాతం దాటొద్దని నా పద్ధతి, అంటే 16, దెబ్బ తగిలి దొరక్కుండా పోయినవి కూడా కలిపి. జార్జియాలో సీజన్ నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా, రోజుకి ఒక మనిషికి 12 దాకా కొట్టొచ్చు. అంటే చట్టం ప్రకారం వాళ్ళిద్దరూ ఒక్క పొద్దునే 24 కొట్టొచ్చు, ఏడాది కోటా ఒక్క పూటలో దాటిపోతుంది. రాష్ట్రమంతటికీ పెట్టిన లిమిట్ ఈ ఒక్క ల్యాండ్ గురించి ఏమీ చెప్పదని ఆయనకి విడమరిచి చెప్పా. ఇంకోటి, జనవరి తర్వాత కొట్టిన పిట్ట దాదాపు ఎండాకాలం గూడు పెట్టబోయే పిట్టే, చలికాలం గండం చాలావరకు దాటేసింది, డిసెంబర్‌లో కొట్టినదానికీ దానికీ తేడా ఉంది. ఆయన డిసెంబర్‌లో రెండు పూటలు వెళ్ళారు, ఒక గుంపు మీద రెండుకి మించి కాల్చలేదు, లేచి చెదిరిన పిట్టల వెనక పడలేదు, మధ్యాహ్నం మూడింటికల్లా ఆపేశారు, రాత్రికి అవి మళ్ళీ ఒకచోట చేరి గుండ్రంగా కూర్చోవాలి కదా. మొత్తం ఏడు పిట్టలు. వాటి గొంతు దగ్గరి తిండి సంచులు విప్పి చూస్తే ఐదింట్లో పార్ట్రిడ్జ్ పీ గింజలే ఎక్కువ.

నన్ను ఇప్పుడు ఆలోచింపజేస్తున్నది ల్యాండ్ అంచు. తొమ్మిది గుంపులంటే చుట్టూ పత్తి, వేరుశనగ మధ్యలో ఒక దీవి, ఒక చెడ్డ ఎండాకాలం, ఒక మంచు తుఫాను వస్తే మళ్ళీ రెండుకి పడిపోవచ్చు, బయట నుంచి వచ్చి నింపే పిట్టలు లేవు. సాగు ఆపి వదిలిన నేలకి రైతులకి డబ్బిచ్చే ఫెడరల్ సీఆర్‌పీ ప్రోగ్రామ్‌లో 2004 నుంచి సీపీ 33 అని ఒక పద్ధతి ఉంది, పంట పొలం అంచున 30 నుంచి 120 అడుగుల వెడల్పు పట్టీ క్వైల్ కోసం వదిలితే ఆ నేలకి అద్దె ఇస్తారు, ఎలాగూ చెట్ల నీడ పడి దిగుబడి తక్కువొచ్చే అంచులే అవి. పడమర పక్కన పత్తి వేసే రైతుతో రెండుసార్లు మాట్లాడా, కాగితాల పనికి ఇంకా మనసొప్పట్లేదు ఆయనకి. కానీ గుండ్రంగా తిరిగే పివట్ నీళ్ళు అందని మూలలు ఆయనకి రెండున్నాయి, కలిపి పదకొండు ఎకరాలు, ఏ ప్రోగ్రామూ లేకుండానే వాటిల్లో కలుపు మందు కొట్టడం ఆపేస్తానన్నారు. వాటిల్లో ఒకటి మా పొలానికి ఆనుకునే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని చూశా, సగం గరికే. నవంబర్‌లో డిస్క్ వెయ్యడానికంటే ముందు, సెప్టెంబర్‌లో అక్కడ మందు పడాలి.